స్నేహం, ప్రేమ, హద్దులు: పిల్లలకు చెప్పిన పాఠం పనిచేసిందో లేదో తేల్చుకోవడం ఎలా?

తొమ్మిది, పది తరగతుల పిల్లలకో, ఇంటర్ పిల్లలకో ఎవరో ఒకరు వచ్చి స్నేహం, ప్రేమ, గౌరవం, హద్దుల గురించి క్లాసులు చెబుతారు. చివరి రోజు ఒక కాగితం పంచుతారు. "కార్యక్రమం ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు దాదాపు అందరూ "చాలా బాగుంది" అని టిక్కు పెడతారు. ఫొటోలు దిగుతారు, రిపోర్టు రాస్తారు, అక్కడితో సరి. ఆ క్లాసులు విన్న అబ్బాయి, "వద్దు" అన్న అమ్మాయి వెంట పడటం మానేశాడా? ఫోన్ పాస్‌వర్డ్ అడిగితే "ఇవ్వను" అనే ధైర్యం ఆ అమ్మాయికి వచ్చిందా? ఆ కాగితంలో ఉండదు. మనకు కావలసింది మాత్రం అదే.

హెడ్మాస్టర్లు, హాస్టల్ వార్డెన్లు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు, "మా బడికి ఇలాంటిది పెట్టించాలా" అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు, వీళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. దీనికి పెద్ద సర్వే సంస్థ అక్కర్లేదు. కాస్త ముందుచూపు, పిల్లల మాట వినే ఓపిక ఉంటే ఒక బడి తనంతట తాను చేసుకోగలిగిన పనే.

1. ఏం మారాలో ముందే రాసుకోండి

"అవగాహన పెరగాలి", "గౌరవం రావాలి" అంటే కొలవడానికి ఏమీ దొరకదు. కార్యక్రమం నడిపేవాళ్లను కూర్చోబెట్టి సూటిగా అడగండి: "మీ క్లాసులు అయిన మూడు నెలలకు మా బడికొచ్చి చూస్తే, పిల్లలు ఏ పని చేస్తూ కనిపించాలి? ఏ పని మానేసి ఉండాలి?" జవాబు పనుల రూపంలో రావాలి. ఒకసారి కాదనిపించుకున్నవాడు స్నేహితులతో రాయబారాలు పంపడం ఆపాలి. గ్రూపులో ఎవరి ఫొటోనో, ఎవరి చాటింగ్ స్క్రీన్‌షాటో వస్తే ఇంకొకరికి పంపకూడదు. బ్రేకప్ అయితే ఆ అమ్మాయి గురించి గోడల మీద రాతలు, ఇన్‌స్టాలో స్టోరీలు ఉండకూడదు. ఇబ్బంది వస్తే ఎవరికి చెబుతావంటే పిల్లలు ఒక పెద్ద మనిషి పేరు ఠక్కున చెప్పగలగాలి. ఇలాంటివి నాలుగైదు చాలు. పది పెట్టుకుంటే ఒక్కటీ సరిగ్గా చూడలేరు.

ఇక్కడే ఇంకో సంగతి తేలిపోవాలి. చాలామంది తల్లిదండ్రులు, కొందరు టీచర్లు కూడా ఈ క్లాసుల నుంచి ఆశించేది వేరు: పిల్లలు ప్రేమల జోలికి పోకూడదని. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ "ప్రేమలు తగ్గాయా" అని కొలవడం మొదలుపెడితే, పిల్లలు ఎంత బాగా దాచగలుగుతున్నారన్నదే మీకు తెలుస్తుంది. దాచుకున్న చోటే బెదిరింపులు పెరుగుతాయి. "మీ నాన్నకు చెబుతా" అన్న ఒక్క మాటతో నెలల తరబడి నలిగిపోయే ఆడపిల్లలు ఉంటారు. కాబట్టి కొలవాల్సింది ప్రేమ ఉందా లేదా అని కాదు. ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారు, చిక్కు వస్తే ఎవరి దగ్గరికి వెళుతున్నారు అని.

2. ప్రశ్నలు రాయకముందే భద్రత సంగతి చూసుకోండి

మీరు అడిగే ప్రశ్నకు ఒక పిల్ల తన బాధ రాసేస్తే ఏం చేస్తారు? దీనికి జవాబు సిద్ధంగా లేకపోతే ప్రశ్నాపత్రం పంచకండి.

పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి చేసిన పోక్సో చట్టం 2012లో వచ్చింది. 18 ఏళ్లలోపు ఎవరైనా ఆ చట్టం దృష్టిలో పిల్లలే. నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. అందుకే పిల్లలతో "మీరు ఏం రాసినా ఎవరికీ చెప్పం" అని మాట ఇవ్వకండి. అది నిలబెట్టుకోలేని మాట. ఇలా చెప్పండి: "కాగితం మీద పేరు రాయొద్దు. ఎవరు ఏం రాశారో మేం వెతకం. కానీ మీలో ఎవరికైనా ప్రమాదం ఉందని మాకు తెలిస్తే మాత్రం ఊరుకోం, సాయం చేసేవాళ్లకు చెబుతాం."

ఆ కాగితం అడుగున పెద్ద అక్షరాలతో 1098 అని, అంటే పిల్లల హెల్ప్‌లైన్ నంబరు ఉండాలి. బడిలో ఎవరిని కలవాలో పేరు, గది నంబరు ఉండాలి. సర్వే జరిగే రోజు, మర్నాడు ఆ మనిషి సెలవు పెట్టకూడదు. "నీకు ఎప్పుడైనా ఇలా జరిగిందా, ఎవరు చేశారు, ఏం చేశారు" అని వివరాలు లాగే ప్రశ్నలు క్లాసులో వద్దే వద్దు. మన కొలత కోసం ఒక పిల్ల గాయాన్ని మళ్లీ రేపే హక్కు మనకు లేదు. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. పిల్లలకు కూడా "నాకు ఇష్టం లేదు" అని ఖాళీ కాగితం ఇచ్చేసే వీలుండాలి. హద్దుల గురించిన పాఠం కదా, ఆ హద్దును ముందు మనమే పాటించాలి.

3. మొదలు కాకముందు ఒకసారి, పక్క బడిలో ఒకసారి

క్లాసులు అయ్యాక మాత్రమే అడిగితే మారారో లేదో ఎలా తెలుస్తుంది? కాబట్టి మొదటి క్లాసుకు ముందే అవే ప్రశ్నలు ఒకసారి అడగండి. అంతటితో ఆగకండి. జూన్‌లో తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లాడు ఏప్రిల్ నాటికి ఏ క్లాసులూ లేకపోయినా కొంత మారతాడు. మధ్యలో ఊళ్లో ఏదైనా ఘటన జరిగి అందరూ దాని గురించే మాట్లాడుకుంటే ఇంకొంత మారతాడు. ఆ మార్పు మీ ఖాతాలో పడకుండా ఉండాలంటే, క్లాసులు జరగని పిల్లలను కూడా అదే రోజుల్లో అడగాలి.

అదే బడిలో ఏ సెక్షన్‌కు చెప్పి, బీ సెక్షన్‌ను వదిలేస్తే లాభం లేదు. మధ్యాహ్న భోజనం దగ్గర అంతా ఒక్కటే, పాఠం అటు పాకిపోతుంది. దగ్గర్లో ఇలాంటిదే ఇంకో జిల్లా పరిషత్ బడినో, ఇంకో గురుకులాన్నో అడగండి: "ఈ ఏడు మీ పిల్లలను రెండుసార్లు ప్రశ్నలు అడుగుతాం, వచ్చే ఏడు కార్యక్రమం మీ దగ్గరా పెడతాం." ఎక్కువమంది ఒప్పుకుంటారు.

హర్యానాలో జరిగిన పెద్ద పరిశోధన ఒకటి ఇలాగే నడిచింది. నాలుగు జిల్లాల్లో 314 ప్రభుత్వ బడులు తీసుకుని, కొన్నింటిలో ఏడు, ఎనిమిది తరగతుల నుంచి మొదలుపెట్టి రెండేళ్లకు పైగా ఆడామగా సమానత్వం మీద చర్చలు పెట్టారు. మిగతా బడులను పోల్చి చూడటానికి ఉంచుకున్నారు. కార్యక్రమం జరిగిన బడుల్లో పిల్లల ఆలోచన కొంత మారింది. ఇంటి పనుల్లో చెయ్యి వేస్తున్నామని అబ్బాయిలు చెప్పడమూ పెరిగింది. క్లాసులు ఆగిన రెండేళ్ల తర్వాత వెళ్లి అడిగినా ఆ తేడా నిలిచే ఉంది. పక్కన పోల్చే బడులు లేకపోతే ఇంత గట్టిగా చెప్పగలిగేవాళ్లు కాదు.

4. నీతి వాక్యాలు అడగొద్దు, సందర్భం ఇవ్వండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టండి.

"అమ్మాయిలను గౌరవించాలి: అవును / కాదు." మన పిల్లలు పరీక్షల్లో పండిపోయినవాళ్లు. ఏది రాస్తే మార్కు వస్తుందో క్షణంలో పసిగడతారు. క్లాసులకు ముందూ "అవును", తర్వాతా "అవును". అలాంటి ప్రశ్నలు ఎన్ని అడిగినా మీకు దక్కేది ఏమీ ఉండదు.

దాని బదులు ఇలాంటి కథ ఇవ్వండి:

"రవళి ఇంటర్ ఫస్టియర్. సాయి, తను కొన్నాళ్లుగా మాట్లాడుకుంటున్నారు. రాత్రి పదకొండింటికి రవళి ఆన్‌లైన్‌లో కనిపించింది. 'ఎవరితో చాటింగ్? స్క్రీన్‌షాట్ పెట్టు' అని సాయి మెసేజ్ పెట్టాడు. తను పెట్టనంది. 'నిజంగా ప్రేమ ఉంటే పెట్టేదానివి' అన్నాడు. మర్నాడు సాయి ఫ్రెండ్ వచ్చి, 'పాపం వాడు రాత్రంతా నిద్రపోలేదు, ఒక్కసారి చూపించెయ్, పోయేదేముంది' అన్నాడు."

కింద మూడు ప్రశ్నలు. ఇక్కడ ఏం జరుగుతోంది, మీ మాటల్లో రాయండి. ఆ ఫ్రెండ్ స్థానంలో మీరుంటే ఏమనేవాళ్లు? మీ క్లాసులో ఎక్కువమంది ఏమంటారు?

మూడో ప్రశ్నను వదలకండి. తన గురించి అడిగితే పిల్లవాడు మంచివాడిలా కనిపించాలని చూస్తాడు. క్లాసు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. "మా క్లాసులో అందరూ సాయినే సపోర్ట్ చేస్తారు" అని ముందు రాసి, తర్వాత "కొంతమంది రవళిది తప్పు లేదంటారు" అని రాస్తే, గాలి మారుతోందని అర్థం.

జవాబులకు మార్కులు వేయడం కష్టమేమీ కాదు. రవళి మీద తప్పు నెడితే సున్నా. "సాయి చేసింది తప్పు" అని ఊరుకుంటే ఒకటి. ఎందుకు తప్పో చెబితే, అంటే ప్రేమ పేరుతో కాపలా కాస్తున్నాడని గుర్తుపడితే రెండు. తను ఏమనేవాడో కూడా నోటిమాటలా రాస్తే ("అరేయ్, ఆ పిల్ల ఫోన్ నీకెందుకురా, వదిలెయ్") మూడు. క్లాసులకు ముందు రాసినవి, తర్వాత రాసినవి కలిపేసి, తేదీలు కనపడకుండా మూసి, ఇద్దరు విడివిడిగా దిద్దాలి. ఆ ఇద్దరిలో కార్యక్రమం నడిపేవాళ్లు ఉండకూడదు. ఏది ముందుదో ఏది తర్వాతదో తెలిస్తే, ఎంత నిజాయితీపరుడికైనా చెయ్యి తర్వాతి కాగితం వైపు మొగ్గుతుంది.

కథలు ఒక్క తరహావే కాకుండా చూడండి. అమ్మాయి అబ్బాయిని అనుమానంతో వేధించేది ఒకటి, ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య ఒకర్ని వెలివేసేది ఒకటి, అన్నయ్య చెల్లెలి ఫోన్ లాక్కునేది ఒకటి. ప్రేమ వ్యవహారం లేని పిల్లలే క్లాసులో ఎక్కువ ఉండొచ్చు, హద్దులు మాత్రం అందరికీ ఉంటాయి. భాష కూడా వాళ్లదే ఉండాలి. శ్రీకాకుళం పిల్లలకు వాళ్ల యాసలో, నల్గొండ పిల్లలకు వాళ్ల యాసలో రాయండి. పాఠ్యపుస్తకం తెలుగులో అడిగితే పాఠ్యపుస్తకం జవాబే వస్తుంది. పంచే ముందు వేరే క్లాసు పిల్లలు కొందరితో చదివించి, ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ నవ్వుతున్నారో చూడండి.

మంచివాళ్లలా కనిపించాలన్న ఆరాటం ఎవరిలో ఎంత ఉందో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. హర్యానా పరిశోధకులూ ఇలాంటి కొలత వాడారు. "నేను ఎప్పుడూ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు", "నాకు ఎవరి మీదా ఎప్పుడూ కోపం రాలేదు" లాంటి వాక్యాలు కొన్ని మధ్యలో కలపండి. వీటన్నిటికీ "నిజం" అని టిక్కు పెట్టిన పిల్లల కాగితాలను విడిగా తీసి చదవండి. కార్యక్రమం వల్ల వచ్చిందనుకున్న మార్పు అంతా ఈ కాగితాల్లోనే ఉంటే తొందరపడి సంబరపడకండి.

ఇంకో చిక్కు మంచి మంచివాళ్లను కూడా తప్పుదారి పట్టిస్తుంది. "గత నెల రోజుల్లో ఎవరైనా నిన్ను అదుపు చేయాలని చూశారా?" అని ముందు అడిగితే కొద్దిమందే "అవును" అంటారు. క్లాసులయ్యాక అడిగితే ఆ సంఖ్య పెరగొచ్చు. కార్యక్రమం బెడిసికొట్టిందని హడలిపోకండి. అంతకుముందు ఆ అమ్మాయి "నా మీద ప్రేమతోనే ఫోన్ చెక్ చేస్తాడు" అనుకునేది. ఇప్పుడు దాని అసలు రూపం గుర్తుపట్టింది. దీన్ని పట్టుకోవడానికి చివరి సర్వేలో ఒక ప్రశ్న కలపండి: "ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, క్లాసులకు ముందు నీకు అలాంటివి జరిగాయనిపిస్తోందా?" క్లాసు మొత్తం మీద మొదట్లో వచ్చిన జవాబులకూ వీటికీ ఉన్న తేడాలోనే పిల్లలు నేర్చుకున్నది కనిపిస్తుంది.

5. క్లాసులో కూర్చుని చూడండి

కాగితం మీద ఉన్న పాఠం వేరు, క్లాసులో జరిగేది వేరు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన స్కూల్ హెల్త్ కార్యక్రమంలో 11 అంశాలు ఉన్నాయి. వాటిలో మనుషుల మధ్య సంబంధాలు, హింస నుంచి భద్రత, ఇంటర్నెట్‌ను జాగ్రత్తగా వాడటం కూడా ఉన్నాయి. బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి చెప్పించాలన్నది పద్ధతి. ఇలాంటిది మీ బడిలో ఉంటే, ఆ గంటలు నిజంగా జరుగుతున్నాయా, సిలబస్ పూర్తికాలేదని లెక్కల టీచర్ తీసేసుకుంటున్నారా అన్నది మొట్టమొదట చూడాల్సిన విషయం. జరగని పాఠం పనిచేయలేదని తేల్చడం ఎవరికీ ఉపయోగపడదు.

వెనక బెంచీలో కూర్చుని మూడు సంగతులు రాసుకోండి. మాట్లాడింది ఎవరెవరు, ఆడపిల్లలు ఎందరు, వెనక వరస అబ్బాయిలు నోరు విప్పారా. పిల్లలతో నటింపజేసే అభ్యాసం ఉంటే అది చేయించారా, "టైమ్ లేదు" అని చదివి వినిపించేశారా. టీచరు దారి తప్పి "ఈ వయసులో మీకివన్నీ ఎందుకు" అన్న ఉపన్యాసంలోకి వెళ్లారా. ఈ మూడోది జరిగిన క్లాసులో మిగతావన్నీ బాగున్నా ఫలితం రాదని నా గట్టి నమ్మకం. పిల్లలు ఆ క్షణమే తలుపులు మూసేసుకుంటారు.

6. బడి మ్యాపు గీయించండి

న్యూయార్క్ నగరంలోని 30 మిడిల్ స్కూళ్లలో వేధింపులు ఆపడానికి పెట్టిన ఒక కార్యక్రమాన్ని నాలుగు రకాలుగా పరీక్షించారు. కొన్ని బడుల్లో క్లాసు పాఠాలు మాత్రమే, కొన్నింటిలో బడి ఆవరణలో మార్పులు మాత్రమే, కొన్నింటిలో రెండూ, కొన్నింటిలో ఏదీ లేదు. పాఠాలు మాత్రమే చెప్పిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఆవరణ మార్చిన చోట, రెండూ చేసిన చోట వేధింపులు తగ్గాయి. ఆవరణ మార్చడమంటే గోడలు కట్టడం కాదు. పిల్లలకు బడి మ్యాపు ఇచ్చి ఎక్కడ భయమేస్తుందో గుర్తుపెట్టమన్నారు. ఆ చోట్ల టీచర్లు తిరిగేలా చూశారు. పోస్టర్లు పెట్టారు. వేధించినవాళ్లతో దూరంగా ఉంటామని బడిలోనే రాతపూర్వకంగా ఒప్పందం చేయించారు.

ఇది మన దగ్గర ఖర్చు లేని పని. బడి మ్యాపు ఫొటోస్టాట్ తీసి పంచండి. భయం లేని చోట పచ్చ, ఇబ్బందిగా ఉండే చోట పసుపు, వెళ్లాలంటే భయమేసే చోట ఎరుపు రంగు వేయమనండి. అమ్మాయిల కాగితాలు, అబ్బాయిల కాగితాలు వేరువేరుగా పెట్టండి. సైకిల్ స్టాండు, కొళాయిల దగ్గర, రెండో అంతస్తు మెట్లు, బాత్రూముల వెనక, గేటు బయట ఆటోలు ఆగే చోటు: ఎరుపు ఎక్కడ పడుతుందో మీరే చూడండి. హాస్టల్ అయితే ఆదివారం మధ్యాహ్నం ఒక మ్యాపు, రాత్రి స్టడీ అవర్ తర్వాతది ఒక మ్యాపు. కార్యక్రమానికి ముందు ఒకసారి, చివర్లో ఒకసారి గీయించి పక్కపక్కన పెట్టండి. చదవడం, రాయడం అంతగా రాని పిల్లలు కూడా ఇందులో తమ మాట చెప్పగలుగుతారు. నన్నడిగితే, మీకు ఒక్క సాధనానికే సమయం ఉంటే ఇదే పెట్టుకోండి.

7. ఆగి, మళ్లీ అడగండి

చివరి క్లాసు రోజున వచ్చే మార్కులను నమ్మకండి. మూడు నెలల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి అడగండి. వైద్య, ఆరోగ్య పరిశోధనలను కలిపి చూసే కొక్రేన్ సంస్థ 2013లో తెచ్చిన సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఇలాంటి కార్యక్రమాలు పిల్లల తెలివిడిని కొంత పెంచుతున్నాయి కానీ, హింస తగ్గిందనడానికి గట్టి ఆధారం లేదని చెప్పింది. తెలిసినంత మాత్రాన మారిపోరు. అందుకని చేతల గురించిన ప్రశ్నలు ఉండాలి, వాటికి గడువు ఉండాలి: "గత నెల రోజుల్లో గ్రూపులో వచ్చిన ఎవరి స్క్రీన్‌షాట్‌నైనా ఇంకొకరికి పంపావా? ఎన్నిసార్లు?"

8. సగటు చూసి ఆగిపోకండి

కెనడాలోని ఒంటారియోలో 'ఫోర్త్ ఆర్' అనే కార్యక్రమాన్ని 20 బడుల్లో, 1,722 మంది పిల్లలతో పరీక్షించారు. తొమ్మిదో తరగతిలో 21 పాఠాలు, చెప్పింది శిక్షణ పొందిన సొంత టీచర్లే. రెండున్నరేళ్ల తర్వాత అడిగితే, తాము ఇష్టపడినవారిపై చెయ్యి చేసుకున్నామన్నవాళ్లు పాఠాలు లేని బడుల్లో 9.8 శాతం, పాఠాలు జరిగిన బడుల్లో 7.4 శాతం. ఇక్కడే ఆపేస్తే "కొంచెం తగ్గింది" అని రాసుకుంటాం. అబ్బాయిలను, అమ్మాయిలను విడదీస్తే అసలు విషయం బయటపడుతుంది. అబ్బాయిల్లో పాఠాలు లేని చోట 7.1 శాతం ఉంటే, జరిగిన చోట 2.7 శాతమే. అమ్మాయిల్లో 12.1కి 11.9, అంటే తేడా లేనట్టే. కాబట్టి మీ లెక్కలు కూడా విడదీసి చూడండి: అబ్బాయిలు, అమ్మాయిలు, హాస్టల్ పిల్లలు, ఇంటి నుంచి వచ్చే పిల్లలు. మీ బడిలో నలభై మందే ఉంటే శాతాలు వద్దు, "నలభైలో ఇంతమంది" అని రాయండి. ఇద్దరు పిల్లల తేడాను అయిదు శాతం మార్పని చెప్పుకోకూడదు.

గైర్హాజరైన పిల్లల జాబితా కూడా తీయండి. చివరి సర్వేకు రాని పిల్లలు ఎవరు? బడి మానేశారా, పెళ్లి చేసేశారా, గొడవల్లో పడ్డారా? ఈ పాఠం ఎక్కువ అవసరమైన పిల్లలే చాలాసార్లు లెక్కలోంచి జారిపోతారు.

9. ఫలితం ముందుగా పిల్లలకు చెప్పండి

పేర్లు లేకుండా, ఏ ఒక్కరినీ గుర్తుపట్టే వీలు లేకుండా, తేలిన సంగతులు ఒక పేజీలో రాసి క్లాసులో చదవండి. "ఎరుపు పడిన చోట్ల ఇకనుంచి ఇంటర్వెల్‌లో ఒక టీచరు ఉంటారు" అన్నట్టు, మీరు చేయబోయేది ఒకటైనా అందులో ఉండాలి. తర్వాత పేరెంట్స్ మీటింగులో చెప్పండి. అక్కడ "మా పిల్లలకు ప్రేమలు నేర్పుతున్నారా" అని ఎవరో ఒకరు లేస్తారు. వాదనకు దిగకండి. సాయి, రవళి కథ చదివి వినిపించి, "మీ అమ్మాయి రవళి స్థానంలో ఉంటే ఏం చేయాలనుకుంటారు?" అని అడగండి. తల్లులు మాట్లాడటం మొదలుపెడతారు.

మార్పు రాలేదని తేలితే వెంటనే కార్యక్రమాన్ని తీసేయకండి. ముందు అయిదో అడుగులో రాసుకున్నవి తెరవండి. పాఠాలు సగమే జరిగి ఉంటే, పూర్తిగా జరిగేలా చూసి మళ్లీ కొలవండి. పూర్తిగా జరిగినా ఏమీ మారకపోతే ఆ కార్యక్రమం మీ పిల్లలకు సరిపోలేదు, ఇంకోటి వెతకండి. ఒక పూట ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోయేవాళ్లను మాత్రం ఇన్ని తంటాలు పడి కొలవాల్సిన పని లేదు, మర్యాదగా వద్దనండి. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు ఎన్ని పాఠాలు, ఎవరు చెబుతారు, మొదలుకు ముందు సర్వే ఎప్పుడు, ఏడాది తర్వాతి సర్వే ఖర్చు ఎవరిది, ఈ నాలుగూ ఒప్పంద పత్రంలో రాయించుకున్నాకే సంతకం పెట్టండి.